పాత కుతుబ్‌ఖానాల బొమ్మ కార్డులు: సేకరణ, కాలనిర్ణయం, భద్రత

గ్రంథాలయాల భవనాలు అచ్చయిన పాత పోస్టుకార్డులను ఏరి దాచుకునేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. పోస్టుకార్డుల సేకరణకు డెల్టియాలజీ అని ఒక పేరు కూడా ఉంది. చిన్న రాతపలక అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. మన దగ్గర స్టాంపులు, నాణేలు దాచేవాళ్ళు ఎక్కువ, కార్డులు దాచేవాళ్ళు తక్కువ. ‘కార్డు ముక్క’ అనే మాటలోనే దాని విలువ మనం ఎంత కట్టామో తెలుస్తుంది.

గార్ల, డోర్నకల్, మానుకోట, ఇల్లందు వైపు ముస్లిం కుటుంబాలకు ఈ సంగతి ఎందుకంటే, ఈ కార్డుల్లో కొన్ని బజారులో కాదు, మన ఇళ్ళల్లోనే దొరకొచ్చు. దాదా గారి ట్రంకు పెట్టెలోనో, నానీ గారి ఖురాన్ జుజ్దాన్ పక్కనున్న గుడ్డ సంచిలోనో పాత ఉత్తరాల కట్ట ఉంటుంది. అవి ఉర్దూలో ఉంటాయి. మనవలు తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివారు, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు కానీ రాత చదవలేరు. చదవలేని కాగితం ఇల్లు మారినప్పుడు మొదట రద్దీలో పడుతుంది. కిలో లెక్కన వెళ్ళిపోయిన ఆ కట్టలో ఏముండేదో తర్వాత ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ వ్యాసంలో కార్డు బొమ్మ గురించి ఎంత ఉందో, కార్డు వెనకవైపు గురించి అంతకన్నా ఎక్కువ ఉంది.

కార్డు ఎలా పుట్టింది

మొదటి పోస్టుకార్డు 1869 అక్టోబర్ 1న ఆస్ట్రియాలో వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో 1879 జులై 1న మొదలైంది, ధర పావు అణా. బొమ్మ లేని ఉత్త కార్డు అది. ప్రైవేటువాళ్ళు బొమ్మ అచ్చేసి అమ్ముకునే కార్డులకు బ్రిటన్ 1894లో ఒప్పుకుంది. అప్పటికి ఒక నియమం ఉండేది: వెనకవైపు చిరునామా తప్ప ఇంకేమీ రాయకూడదు. కబుర్లు రాయాలంటే బొమ్మ పక్కన మిగిలిన తెల్ల జాగాలోనే ఇరికించాలి. 1902లో బ్రిటన్ వెనకవైపును నిలువు గీతతో రెండుగా చేసి, ఎడమవైపు కబురు, కుడివైపు చిరునామా రాయనిచ్చింది. తర్వాతి కొన్నేళ్ళలో మిగతా దేశాలూ అదే చేశాయి, అమెరికాలో అది 1907 మార్చి 1 నుంచి. వెనక గీత లేని కార్డు కనబడితే అది చాలా పాతదన్నమాట.

ఆ తర్వాత బొమ్మ కార్డుల పిచ్చి ఎంత ముదిరిందంటే, 1908 జూన్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలో అమెరికాలో 67 కోట్లకు పైగా కార్డులు పోస్టయ్యాయి. అప్పటి అక్కడి జనాభా తొమ్మిది కోట్ల లోపే.

మన దేశంలో ఈ వ్యాపారం బొంబాయి, మద్రాసు, కలకత్తా, ఢిల్లీ కేంద్రాలుగా నడిచింది. బొంబాయిలో క్లిఫ్టన్ కంపెనీ, మద్రాసులో హిగ్గిన్‌బాతమ్స్, వీలే అండ్ క్లైన్, స్పెన్సర్, లండన్ నుంచి రాఫేల్ టక్. ఢిల్లీలో హెచ్.ఎ. మీర్జా అండ్ సన్స్ అనే ఫోటోగ్రాఫర్లు ఢిల్లీ కట్టడాలతోపాటు మక్కా, మదీనా ఫోటోలు కూడా తీసి అచ్చేశారు. హజ్‌కు వెళ్ళడమే నెలల ప్రయాణమైన ఆ రోజుల్లో ఆ బొమ్మలు ఎంతమంది ఇళ్ళ గోడలెక్కి ఉంటాయో ఊహించుకోండి. కార్డు కింద ఈ పేర్లలో ఏదైనా కనబడితే పారేయకుండా పక్కన పెట్టండి.

గ్రంథాలయం బొమ్మే ఎందుకు

కార్డు అచ్చేసేవాడు ఊళ్ళో చూపించుకోదగ్గది ఏదా అని వెతుకుతాడు. అమెరికాలో చిన్న చిన్న పట్టణాలకు అలా దొరికింది గ్రంథాలయమే. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన డబ్బుతో 1883 నుంచి 1929 దాకా ప్రపంచమంతటా 2,509 గ్రంథాలయాలు లేచాయి, అందులో 1,689 అమెరికాలోనే. సరిగ్గా బొమ్మ కార్డుల గిరాకీ ఉన్న కాలం కూడా అదే. దాంతో ఆ దేశంలో గ్రంథాలయం కార్డులు కుప్పలుగా ఉన్నాయి, ఇవాళ్టికీ చవగ్గా దొరుకుతాయి. కనెక్టికట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాల డైరెక్టరుగా పనిచేసిన నార్మన్ స్టీవెన్స్ ఒక్కరే ఇలాంటివి 25 వేలకు పైగా పోగుచేశారు. ఆ సేకరణ ఇప్పుడు మాంట్రియల్‌లోని కెనడియన్ సెంటర్ ఫర్ ఆర్కిటెక్చర్‌లో ఉంది. ఒక మనిషి సరదా భవన నిర్మాణ చరిత్ర చదివేవాళ్ళకు ఆధారమైంది.

మన దేశం సంగతి వేరు. ఇక్కడ కార్డు కొనేవాడు ఎక్కువగా దొర, లేదా దొర దగ్గర పనిచేసేవాడు. అతనికి కోటలు, గోపురాలు, రైల్వే స్టేషన్లు, హైకోర్టులు కావాలి. గ్రంథాలయం పెద్ద భవనంలో భాగమైతేనే కార్డుకెక్కింది. బొంబాయి టౌన్‌హాలు కార్డు ఉందంటే, 1833లో పూర్తయిన ఆ భవనంలోనే ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయం ఉంది. మద్రాసులో 1896 డిసెంబర్ 5న తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఎగ్మూరు మ్యూజియం ఆవరణలో ఉంది కాబట్టి మ్యూజియం కార్డులు వెతికేవాళ్ళు దాన్నీ వెతకాలి. కార్డు కింద ‘మ్యూజియం’, ‘టౌన్ హాల్’ అని మాత్రమే రాసి ఉన్నా లోపల కుతుబ్‌ఖానా ఉండొచ్చు. ఇది గుర్తుపెట్టుకున్నవాడికి, అమ్మేవాడికి తెలియని కార్డులు దొరుకుతాయి.

ఆసఫియా: మన సేకరణకు మధ్య స్తంభం

నిజాం రాజ్యంలో గ్రంథాలయ భవనం అంటే మొదట చెప్పుకోవాల్సింది కుతుబ్‌ఖానా ఆసఫియా. ఇమాదుల్ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ పూనికతో 1891లో ఇది మొదలైంది. మొదట అబిడ్స్‌లో ఉండేది. ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న భారీ భవనానికి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1932లో పునాది వేశారు, 1936లో అది వాడకంలోకి వచ్చింది. 1950ల మధ్యలో పేరు స్టేట్ సెంట్రల్ లైబ్రరీగా మారింది. అక్కడున్న అరబీ, ఫార్సీ, ఉర్దూ రాతప్రతులను తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి తరలించారు. 1998లో ఇంటాక్ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. పైకప్పు, గోడల మరమ్మతుల మాట మాత్రం ఇప్పటికీ పేపర్లలో వస్తూనే ఉంటుంది.

ఈ నాలుగు తేదీలు సేకరించేవాడికి గీటురాయి. ఎవరైనా ‘1910 నాటి ఆసఫియా కార్డు’ అని చెప్పి అఫ్జల్‌గంజ్ భవనం చూపిస్తే నవ్వి ఊరుకోండి, అప్పటికి ఆ భవనమే లేదు. కింద ‘స్టేట్ సెంట్రల్ లైబ్రరీ’ అని అచ్చయి ఉంటే అది 1950ల మధ్య నుంచి ఇటీవలిది. మూసీ ఒడ్డు కార్డులకూ ఇదే లెక్క. 1908 సెప్టెంబర్ 28 వరద తర్వాత నది ఒడ్డున ఒక్కొక్కటే పెద్ద కట్టడాలు లేచాయి: అటువైపు హైకోర్టు, ఇటువైపు ఉస్మానియా ఆసుపత్రి, చివరగా గ్రంథాలయం. ఒకే కోణంలో తీసిన రెండు కార్డులు పక్కపక్కన పెడితే ఏది ముందో, ఏది వెనకో భవనాలే చెబుతాయి. ఖాళీ ఒడ్డు ఉన్న కార్డును ‘ఇందులో లైబ్రరీ లేదుగా’ అని తీసేయకండి. లైబ్రరీ లేకపోవడమే దాని విలువ.

ఆసఫియా పూర్తయ్యేనాటికి బొమ్మ కార్డుల మోజు చల్లారిపోయింది. పైగా హైదరాబాద్ కార్డు అంటే చార్మినార్, మక్కా మస్జిద్, గోల్కొండ, ఫలక్‌నుమా. అందుకని దీని కార్డులు అచ్చులో కన్నా అసలు ఫోటో కాగితం మీదే వెతకాలి. అప్పట్లో ఫోటో స్టూడియోల వాళ్ళు వెనక పోస్టుకార్డు గీతలున్న ఫోటో కాగితం వాడేవాళ్ళు. పది కాపీలో, ఇరవయ్యో తీసి ఇచ్చేవాళ్ళు. మెట్ల మీద నిలబడి దిగిన విద్యార్థుల గ్రూపు ఫోటో కూడా ఇలాంటి కాగితం మీద ఉండొచ్చు. దాన్ని ఇంట్లో ‘ఫోటో’ అనే అంటారు, వెనక్కి తిప్పితే కార్డు.

నిజాం తపాలా సొంతంగా స్టాంపులు వేసింది కాబట్టి అదీ చూద్దాం. 1937 ఫిబ్రవరిలో రజతోత్సవానికి వేసిన నాలుగు స్టాంపుల్లో యునానీ దవాఖానా, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబ్లీ హాలు ఉన్నాయి. కొత్తగా కట్టిన కుతుబ్‌ఖానాకు చోటు దక్కలేదు! కానీ అంతకు ముందు 1931 వరసలో 12 అణాల స్టాంపు మీద ‘బీదర్ కాలేజీ’ ఉంది. అది బహమనీ వజీరు మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా. అందులో మూడు వేల గ్రంథాల కుతుబ్‌ఖానా ఉండేదని చెబుతారు. 1696లో మందుగుండు పేలి ఒక భాగం కూలింది. మిగిలిన మినారు, నీలి పలకల గోడ ఇప్పుడు కర్ణాటకలోకి వచ్చిన బీదర్‌లో చూడొచ్చు. మన రాజ్యం స్టాంపు మీదికెక్కిన గ్రంథాలయ గోడ ఏదైనా ఉందంటే నాకు తెలిసి ఇదే. బీదర్ మదరసా కార్డు, ఆ 12 అణాల స్టాంపు జతగా పెట్టుకుంటే సేకరణకు మంచి ఆరంభం అవుతుంది.

కార్డు రాని గ్రంథాలయాలు

ఇక్కడే మన ప్రాంతం అసలు సంగతి ఉంది. 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం: తెలంగాణలో తెలుగు చదువుకు నీళ్ళు పోసిన చోట్లు ఇవి. వీటిలో చాలావరకు చందాలతో నడిచాయి, అద్దె గదుల్లో మొదలయ్యాయి. గుమ్మటాలు, మినార్లు లేవు. కార్డు అచ్చేసే కంపెనీ ఫోటోగ్రాఫరు కెమెరా భుజాన వేసుకుని అటు రాడు.

ఉర్దూ వైపూ అంతే. ఊరూరా మస్జిద్ పక్క గదిలో, అంజుమన్ ఆఫీసులో నాలుగు బీరువాలు, ఒక బల్ల, ‘సియాసత్’ పేపరుతో నడిచిన దారుల్ ముతాలాలకు కార్డు ఎవరేస్తారు? హైదరాబాద్‌లో 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ స్థాపించిన ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూకు పంజాగుట్టలో ఐవాన్-ఎ-ఉర్దూ అనే సొంత భవనం ఉంది. లోపల గ్రంథాలయం, మ్యూజియం ఉన్నాయి. దాని ముఖద్వారం చూసినవాళ్ళకు అది కార్డుకు తగిన భవనమేనని అనిపిస్తుంది. కోస్తాలో వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, పాత పత్రికల కోసం ఇప్పటికీ పరిశోధకులు అక్కడికి వెళ్తారు.

కార్డు లేదని ఇలాంటివాటిని వదిలేస్తే సేకరణ మొత్తం నవాబులదీ, దొరలదీ అవుతుంది. అనుభవం ఉన్న సేకర్తలు అందుకే బొమ్మతో ఆగరు. గ్రంథాలయం నుంచి సభ్యుడికి వచ్చిన ఉత్త కార్డు (‘మీరు తీసుకెళ్ళిన పుస్తకం గడువు దాటింది’ అని), చందా రసీదు, సభ్యత్వ కార్డు, పుస్తకం మొదటి పేజీ మీది గుండ్రటి రబ్బరు ముద్ర ఇవన్నీ కలిపి దాస్తారు. భవనం లేకుండా పోయినా, అది ఏ వీధిలో ఉండేదో ఆ ముద్రే చెబుతుంది. గార్లలో, ఇల్లందులో, డోర్నకల్‌లో పాత పుస్తకాలున్న ఇళ్ళకు ఈ పని ఈరోజే మొదలుపెట్టొచ్చు. పుస్తకం తెరవండి, ముద్ర చూడండి, ఫోటో తీయండి. ముద్ర ఉన్న పేజీ మాత్రం కత్తిరించకండి.

మిషనరీల కార్డులు ఇంకో దారి. చర్చి సంస్థలు తమ పని చూపించడానికి బళ్ళు, ఆసుపత్రులు, చర్చిల ఫోటోలను విదేశాలకు పంపేవి. పొరుగునే ఉన్న డోర్నకల్ కెథడ్రల్ 1939 నాటిది, మస్జిద్, మందిరం, చర్చి మూడింటి పోలికలు కలిపి కట్టారు. అది గ్రంథాలయం కాదు గానీ, మన రైల్వే లైను మీది పాత కట్టడాల బొమ్మలు వెతికేవాళ్ళు ఇంగ్లండు అమ్మకందారుల దగ్గర ‘డోర్నకల్’ అనే పేరుతో వెతికితే తప్పు లేదు.

కార్డు వెనక్కి తిప్పితే

బొమ్మ ఇంకో చోట దొరుకుతుంది. వెనకవైపు రాత ఒక్కటే ఉంటుంది. దాని మీద కాలం, ఊరు, మనిషి మూడూ ఉంటాయి. ఎలా చదవాలో చూద్దాం.

ముందు స్టాంపు. నిజాం స్టాంపులు 1869 నుంచి ఉన్నాయి, రాజ్యం లోపలి ఉత్తరాలకే చెల్లేవి. బయటి ఊళ్ళకు బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. హైదరాబాద్ నుంచి గార్లకు వచ్చిన కార్డు మీద నిజాం స్టాంపు, బెజవాడ నుంచి వచ్చినదాని మీద చక్రవర్తి బొమ్మ ఉంటుంది. అప్పట్లో బెజవాడ ఇంకో దేశమే అన్నమాట! నిజాం తపాలా 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసింది. కొన్ని నిజాం స్టాంపుల మీద ఫార్సీ లిపి, ఇంగ్లీషుతోపాటు తెలుగు, మరాఠీ అక్షరాలు కూడా కనబడతాయి. స్వాతంత్య్రం తర్వాతి కార్డు మీద విలువ అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది. ఆ రోజు నుంచి నయా పైసలు వచ్చాయి.

తర్వాత చిరునామా. మన ఊరి పేరు పక్కన ఏ జిల్లా ఉందో చూడండి. 1953 అక్టోబర్ 1న ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా గార్ల వైపంతా వరంగల్ కిందే. ఆ తర్వాత ఖమ్మం. 2016 అక్టోబర్ 11 నుంచి మహబూబాబాద్. చిరునామాలో ‘జాగీర్’ అనే మాట ఉంటే, జాగీర్ల రద్దు 1949లో జరిగింది కాబట్టి అంతకు ముందుదని అనుకోవచ్చు. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. పోస్టు ముద్రలో తేదీ చెరిగిపోయినా ఈ గుర్తులతో కాలం సుమారుగా పట్టుకోవచ్చు.

తేదీ చేత్తో రాసి ఉంటే ఇంకా మంచిది, కానీ ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడతారు. నిజాం రాజ్యంలో మూడు లెక్కలు నడిచాయి: హిజ్రీ, ఫసలీ, ఈస్వీ. పొలం కాగితాలు చూసినవాళ్ళకు ఫసలీ తెలుసు. 1954-55 ఖాస్రా పహాణీ అంటే 1364 ఫసలీ. అంటే ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదటివారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది, కాబట్టి జనవరి తర్వాతి నెలలకు 591 కలపాలి. కార్డు మీద దై, బహ్మన్, ఖుర్దాద్, తీర్, షహ్రేవర్ లాంటి నెల పేర్లుంటే అది ఫసలీ. ముహర్రం, రజబ్, షాబాన్ ఉంటే హిజ్రీ అని వేరే చెప్పక్కర్లేదు. ఉత్త సంవత్సరమే ఉంటే చివరి అక్షరం చూడండి. ‘ఫే’ ఉంటే ఫసలీ, ‘హే’ ఉంటే హిజ్రీ, హమ్జా లాంటి చిన్న గుర్తుంటే ఈస్వీ. 1355 హిజ్రీ అంటే 1936-37. అదే 1355 ఫసలీ అయితే 1945-46. ఒక్క అక్షరం చూసుకోకపోతే తొమ్మిదేళ్ళు తేడా వస్తుంది.

ఉర్దూ అంకెల్లో ఇంగ్లీషు ‘వి’ ఆకారం ఏడు, దాన్ని తలకిందులు చేస్తే ఎనిమిది. రాత కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి. ఈ రెండూ నేర్చుకుంటే ఉర్దూ రానివాళ్ళు కూడా తేదీ పట్టగలరు.

అసలు కబురు చదవడం మాత్రం అంత తేలిక కాదు. పాతకాలం వాళ్ళు కార్డులో చోటు సరిపోక షికస్తాలో, అంటే గొలుసుకట్టుగా విరిచి రాసే పద్ధతిలో రాసేవాళ్ళు. నుక్తాలు సగం పెట్టరు. ఇప్పుడు మదరసాలో ఉర్దూ నేర్చుకున్న పిల్లవాడు కూడా అచ్చు ఉర్దూ చదువుతాడు గానీ దీని దగ్గర ఆగిపోతాడు. చదవగలిగేవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో పెద్దవాళ్ళు ఉంటారు: రిటైరైన ఉర్దూ టీచరు, పాత పట్వారీ కాగితాలు చూసినాయన, పేష్ ఇమామ్ సాబ్. పైన 786, తర్వాత సలాం, తర్వాత ఖైరియత్, తర్వాత అసలు సంగతి, చివర ‘దువాగో’ అని పేరు. ఈ వరస తెలిస్తే సగం రాత ఊహకు అందుతుంది.

పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు కార్డు ఇచ్చి రావద్దు. రెండువైపులా ఫోన్‌లో పెద్దగా తీసుకుని వెళ్ళి, వాళ్ళు చదువుతుంటే గొంతు రికార్డు చేయండి. మధ్యలో ‘ఈ అజీజ్ ఎవరంటే...’ అని వాళ్ళు చెప్పే మాట కార్డులో ఉండదు. దాన్ని కూడా తెలుగులో రాసి కార్డుతోపాటు కవరులో పెట్టండి. ఆసఫియా బొమ్మ వెనక ‘ఇక్కడే రోజూ సాయంత్రం చదువుకుంటున్నా, ఫీజుకు డబ్బులు పంపండి’ అని ఉందనుకుందాం. బొమ్మ ఒక్కటే అయితే అది హైదరాబాద్ భవనం. వెనక రాతతో కలిపితే గార్ల నుంచి ఒక పిల్లవాడు చదువుకు వెళ్ళిన సంగతి. 1948 తర్వాత కరాచీ వెళ్ళిన చుట్టాల దగ్గర్నుంచి వచ్చిన కార్డులున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. అవి చదివేటప్పుడు ఇంట్లో పెద్దల ఇష్టం కనుక్కోండి, కొన్ని మాటలు వాళ్ళకు ఇంకా పచ్చిగానే ఉంటాయి.

కొనాలంటే

హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు, గురువారం జుమెరాత్ బజార్ మొదటి చోట్లు. కార్డులు విడిగా దొరకడం అరుదు. పాత ఆల్బమ్‌లో, పుస్తకాల మధ్య గుర్తుగా పెట్టినవి, ఉత్తరాల కట్టల్లో దొరుకుతాయి. అబిడ్స్ జనరల్ పోస్టాఫీసులోని ఫిలాటెలిక్ బ్యూరో పాత కార్డులు అమ్మదు, కానీ తపాలా ప్రదర్శనల కబురు అక్కడ తెలుస్తుంది, ప్రదర్శనలకు అమ్మకందారులు వస్తారు. బొంబాయి చోర్ బజార్‌లో ఎక్కువ సరుకు, ఎక్కువ ధర. ఆన్‌లైన్‌లో ఈబే, డెల్‌కాంప్ చూడొచ్చు, వెతికేటప్పుడు పాత స్పెల్లింగులు, పాత పేర్లు కొట్టాలి.

నకిలీ పట్టుకోవడానికి ఒక చిన్న భూతద్దం చాలు. అచ్చు కార్డు మీద చుక్కలు కనబడతాయి, అసలు ఫోటో కార్డు మీద చుక్కలుండవు. ‘అసలు ఫోటో’ అని అమ్ముతూ చుక్కలు కనబడితే అది అసలు ఫోటో కాదు, అచ్చు కాపీ. సైజు కూడా చూడండి. పాత కార్డు దాదాపు 14 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు. 15, 10 ఉంటే కొత్తకాలంది. మూలలు మడిగినా, రాసి పంపినదే కొనమని నా సలహా. అమ్మకందారులు వాడని, శుభ్రమైన కార్డుకు ఎక్కువ అడుగుతారు, కానీ మన పనికి అది మూగ కార్డు.

అమ్మే పక్షంలో ఒక జాగ్రత్త: 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను, 75 ఏళ్ళు దాటిన రాతప్రతులను దేశం దాటించనివ్వదు. పాతవి విదేశీ కొనుగోలుదారుకు పంపేముందు అడిగి తెలుసుకోండి.

దాచడం

లామినేషన్ వద్దు. వేడికి, జిగురుకు కార్డు శాశ్వతంగా పాడవుతుంది. సెల్లోటేపు, ఫెవికాల్ కూడా అంతే. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్ళకు బొమ్మ కవరుకు అంటుకుంటుంది. పాలిస్టర్ కవర్లు మంచివి, అవి దొరక్కపోతే శుభ్రమైన తెల్ల కాగితం మడతల్లో పెట్టి అట్టపెట్టెలో నిలువుగా పేర్చండి. వెనక ఏమైనా రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, మూలన. పెన్నుతో ఎప్పుడూ వద్దు.

గార్ల లాంటి చోట వానాకాలం తేమ, చెదలు రెండూ శత్రువులే. అటక మీద, గోడకు ఆనించి, సిమెంటు నేల మీద పెట్టకండి. పాత రాతప్రతుల మొదటి పేజీ మీద ‘యా కబీకజ్’ అని రాసే అలవాటు ఉండేది, పురుగు రాకుండా. రాసినవాళ్ళ నమ్మకం వాళ్ళది. మనం నెలకోసారి పెట్టె తెరిచి గాలాడనిస్తే, ఎండ తగలకుండా చూస్తే పురుగు రాదు.

స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐలో రెండువైపులా తీయండి. ఫైలు పేరులో ఊరు, భవనం, అంచనా సంవత్సరం తెలుగులో పెట్టుకుంటే తర్వాత వెతకడం సులువు. స్టాంపు ఊడదీయకండి. స్టాంపులు దాచే పిల్లలు ఇంట్లో ఉంటే ముందే చెప్పిపెట్టండి, ఊడదీసిన స్టాంపు కన్నా కార్డు మీదున్న స్టాంపుకే సాక్ష్యం ఎక్కువ.

ఈ సాక్ష్యం ఎందుకు పనికొస్తుందో పాట్నాలో కనబడింది. 1891లో ప్రజలకు తెరిచిన ఖుదాబఖ్ష్ గ్రంథాలయంలో 1905 నాటి కర్జన్ రీడింగ్ హాలును ఫ్లైఓవర్ కోసం కొంత కూల్చాలని 2021లో ప్రతిపాదన వచ్చింది. పండితులు, చదువరులు గట్టిగా అడ్డుచెప్పారు. అలాంటి వాదనల్లో ‘ఇది మొదట ఎలా ఉండేది, ఏది తర్వాత కట్టింది’ అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. జవాబు పాత బొమ్మల్లోనే ఉంటుంది.

కార్డు లేని మన ఊరి గ్రంథాలయానికి కార్డు తయారు చేసుకోవడం కూడా కష్టం కాదు. ఎదురుగా నిలబడి, పొద్దున వెలుతురులో, బోర్డు కనబడేలా ఒక ఫోటో తీసి పోస్టుకార్డు సైజులో మందపాటి కాగితం మీద అచ్చు వేయించండి. వెనక మధ్యలో గీత. ఎడమవైపు భవనం ఎప్పటిది, ఎవరు పుస్తకాలిచ్చారు, ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు అన్నది నాలుగు వరుసలు తెలుగులో, నాలుగు ఉర్దూలో రాయండి. ఒక కాపీ స్టాంపు అంటించి మీ ఇంటి చిరునామాకే పోస్టు చేయండి. ఊరి పోస్టాఫీసు ముద్ర, తేదీతో అది తిరిగి మీకే వస్తుంది. ఇంకో కాపీ ఆ గ్రంథాలయంలోనే ఇచ్చి రండి.